సాగుభూమికి, ఇంటి స్థలానికి నడుమ: జంట జలాశయాల ఎగువ గ్రామాలలో నివాస సాంద్రత వివాదం

నగరానికి ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని బ్యాంకు శాఖలో పనిచేసే క్షేత్రాధికారికి తరచుగా ఒక చిక్కు ఎదురవుతూ ఉంటుంది. రెండెకరాల పట్టా గల రైతు డ్రిప్పు పరికరాలకు, బోరు మోటారుకు రుణం కోరి వస్తాడు. పంటల ఆదాయం లెక్క కడితే ఆ భూమిపై ఇవ్వదగిన రుణం కొద్ది లక్షల రూపాయలకు మించదు. అదే భూమిని అమ్మితే వచ్చే ధరను మాత్రం ఊరిలో కోట్లలో చెప్పుకుంటారు. ఈ రెండు లెక్కలకు నడుమ ఉన్న దూరమంతా ఒక్క ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చే సమాధానంపై ఆధారపడి ఉన్నది: ఆ భూమిలో ఎన్ని ఇళ్లు కట్టవచ్చును?

ఈ ప్రశ్ననే నివాస సాంద్రతా నియంత్రణ అంటారు. భూమిని ఒక వినియోగం నుండి మరొక వినియోగానికి మార్చే నిర్ణయాన్ని మండల మార్పు అంటారు. ఇవి పట్టణ ప్రణాళికా శాఖల విషయాలుగా పైకి కనబడినా, వాటి ప్రభావం మొదట పడేది గ్రామం మీద, గ్రామీణ పరపతి మీద. హైదరాబాదుకు పడమరగా, నైరుతిగా ఉన్న 84 గ్రామాలలో దాదాపు మూడు దశాబ్దాలుగా సాగుతున్న వివాదాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

జలాశయాలు, ఉత్తర్వు

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని అతలాకుతలం చేసినది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అట్టి విపత్తు మరల రాకుండా సూచనలు చేయవలసినదిగా నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించినది. నగరానికి ఎగువన వరద నీటిని నిలువరించే జలాశయాలు నిర్మించాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ఫలితమే మూసీ నదిపై 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. వీటినే జంట జలాశయాలు అంటారు. ఉస్మాన్ సాగర్‌ను గండిపేట చెరువు అని కూడ పిలుస్తారు. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, నిల్వ సామర్థ్యం సుమారు 3.9 టీ.ఎం.సీ.లు. హిమాయత్ సాగర్ నీటిమట్టం 1763.5 అడుగులు, సామర్థ్యం సుమారు 2.97 టీ.ఎం.సీ.లు. వరద నుండి రక్షణ కొరకు కట్టిన ఈ జలాశయాలు దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు కూడ అందించినవి.

నగరం పెరిగిన కొద్దీ ఎగువ ప్రాంతంలో కాలనీలు, పరిశ్రమలు వెలసే ప్రమాదాన్ని ప్రభుత్వం గుర్తించినది. 1996 మార్చి 8న జీ.వో. 111 వెలువడినది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను ఇది నిషేధించినది. పరీవాహక ప్రాంతంలో 90 శాతం భూమిని పరిరక్షణ, వినోద వినియోగానికి, అనగా ముఖ్యంగా వ్యవసాయానికి, కేటాయించవలెనని నిర్దేశించినది. నివాసాలకు వీలున్న చోట కూడ కొత్త లేఅవుట్లలో 60 శాతం స్థలాన్ని రోడ్లకు, ఖాళీ స్థలాలకు విడిచిపెట్టవలెనని, కట్టడం వైశాల్యం స్థల వైశాల్యంలో సగానికి మించరాదని షరతులు విధించినది. శంషాబాదు, మొయినాబాదు, చేవెళ్ల, శంకర్‌పల్లి, రాజేంద్రనగర్ తదితర మండలాలకు చెందిన 84 గ్రామాలు ఈ పరిధిలోకి వచ్చినవి. వీటి మొత్తం విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు.

ఈ ఉత్తర్వు కాగితానికే పరిమితం కాలేదు. నిషిద్ధ పరిధిలో నెలకొల్పిన ఒక నూనె తయారీ పరిశ్రమకు సంబంధించిన వ్యాజ్యం సుప్రీం కోర్టు వరకు వెళ్లినది. కాలుష్య నియంత్రణ మండలికి, ఆచార్య ఎం.వి. నాయుడుకు మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1999లోను, 2000లోను వచ్చిన తీర్పులు దేశంలో పర్యావరణ న్యాయానికి మార్గదర్శకమైనవి. హాని జరుగునా, జరుగదా అన్న సందేహం ఉన్నప్పుడు జాగ్రత్త పక్షాన నిలబడవలెను. హాని జరుగదని రుజువు చేసే భారం ఆ పని తలపెట్టిన వారిదే. ఈ రెండు సూత్రాలను న్యాయస్థానం అక్కడ వివరించినది.

సాంద్రత అంటే ఏమి? ఒక ఎకరం లెక్క

సాంద్రత అనే మాట చర్చలలో తరచుగా వినబడినా, దానిని లెక్కగా చూసేవారు తక్కువ. ఒక ఎకరాన్ని తీసుకొని ఆ లెక్క వేయుదము.

ఒక ఎకరం అనగా 40 గుంటలు, లేక 4,840 చదరపు గజాలు. జీ.వో. 111 షరతు ప్రకారం ఇందులో 60 శాతం ఖాళీగా విడువవలెను. ప్లాట్లకు మిగిలేది 1,936 చదరపు గజాలు. ఒక్కొక్కటి 200 గజాల చొప్పున విభజిస్తే తొమ్మిది ప్లాట్లు వస్తాయి. 200 గజాల ప్లాటు అనగా 1,800 చదరపు అడుగులు. అందులో సగం, అనగా 900 చదరపు అడుగుల కట్టడం మాత్రమే అనుమతి. ఇది ఒక చిన్న కుటుంబానికి సరిపడే ఇల్లు. ఇంటికి నలుగురు చొప్పున ఎకరానికి 36 మంది నివసిస్తారు.

ఇప్పుడు ఈ షరతులు లేవని అనుకొందము. హైదరాబాదు ప్రాంతంలో 2006లో వైశాల్య నిష్పత్తి పరిమితిని తొలగించి, రోడ్డు వెడల్పును, చుట్టూ విడిచే స్థలాన్ని బట్టి భవనం ఎత్తును నిర్ణయించే పద్ధతి తెచ్చారు. సాధారణ వెంచరులో 55 శాతం భూమి ప్లాట్లకు దక్కినదని అనుకొంటే ఎకరానికి 13 ప్లాట్లు. ప్రతి ప్లాటులో అంతస్తుకు ఒక కుటుంబం చొప్పున ఐదు కుటుంబాలు నివసిస్తే 65 కుటుంబాలు, 260 మంది. ప్లాట్ల సంఖ్య తొమ్మిది నుండి పదమూడుకు మాత్రమే పెరిగినది. జనం మాత్రం ఏడు రెట్లు పెరిగినారు. సాంద్రతను ప్రధానంగా పెంచేది ప్లాట్ల సంఖ్య కంటె అంతస్తుల సంఖ్య అని ఈ లెక్క వలన తెలుస్తుంది.

తరువాతి మెట్టు మురుగునీరు. నగర ప్రణాళికలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ప్రమాణంగా తీసుకుంటారు. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటకు వస్తుంది. 36 మంది గల ఎకరం నుండి రోజుకు సుమారు 3,900 లీటర్ల మురుగు వస్తే, 260 మంది గల ఎకరం నుండి సుమారు 28,000 లీటర్లు వస్తుంది. ఎక్కడికి పోవలెనన్నది నిర్ణయం కాకపోతే ఆ నీరు పల్లాన్ని వెతుక్కుంటుంది. ఇక్కడ పల్లం అంటే జలాశయమే.

గ్రామం పక్షాన ఉన్న వాదం

ఉత్తర్వును తొలగించవలెనని ఈ గ్రామాల సర్పంచులు, రైతులు చాలా కాలంగా కోరుతూ వచ్చారు. వారి వాదాన్ని దురాశగా కొట్టివేయడం సరికాదు. అందులో బలమైన అంశాలు మూడు ఉన్నవి.

మొదటిది ధరల అసమానత. ఉస్మాన్ సాగర్‌కు సమీపంలోనే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటినది. అక్కడి నుండి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఉత్తర్వు పరిధిలో ఉన్న రైతు భూమికి ఆ ధరలో స్వల్ప భాగం కూడ దక్కదు. రెండు భూముల నేలలో తేడా లేదు. తేడా అంతా కాగితం మీద గీసిన గీతలో ఉన్నది.

రెండవది గీత గీసిన తీరు. నీటిమట్టం నుండి 10 కిలోమీటర్లు అనేది కొలబద్దతో గీసిన హద్దు. వాన నీరు కొలబద్దను అనుసరించదు. వాలును, వాగును అనుసరిస్తుంది. ఆ హద్దు లోపల జలాశయం వైపు వాలు లేని భూములు ఉన్నవని, హద్దు వెలుపల జలాశయానికి నీరు చేర్చే భూములు ఉన్నవని గ్రామస్థులు చూపుతారు. వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి వచ్చే మూసీ పరీవాహక ప్రాంతం 10 కిలోమీటర్లతో ముగియదు కదా.

మూడవది అమలులోని వివక్ష. చిన్న రైతు తన కుమారుని కొరకు ఇంటిపై మరొక అంతస్తు వేస్తే అనుమతి లేదంటారు. విశాలమైన ఫాం హౌసులు, విందు మందిరాలు, విద్యాసంస్థల భవనాలు మాత్రం అదే నేలపై వెలిసినవి. నియమం బలహీనునికి మాత్రమే నియమంగా మిగిలితే, దానిపై గ్రామానికి గౌరవం ఎట్లు కలుగుతుంది?

నీటి పక్షాన ఉన్న వాదం

నియంత్రణను కొనసాగించవలెనని కోరేవారి వాదం కూడ అంతే బలమైనది.

నగరానికి ఇప్పుడు ఎక్కువ నీరు కృష్ణా, గోదావరి, మంజీరా నదుల నుండి వస్తున్నది. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీటిని అంతకంటె ఎక్కువ దూరం గొట్టాలలో, విద్యుత్తు ఖర్చు చేసి ఎత్తిపోయవలసి ఉన్నది. గండిపేట నీరు మాత్రం వాలుకు తానే ప్రవహించి వస్తుంది. దూరపు నీటికి ఏ కారణం చేత ఆటంకం కలిగినా ఆదుకొనగలిగేది దగ్గరి నీరే.

మరొక విషయం వరద. తాగునీటి చర్చలో జలాశయాల తొలి ప్రయోజనం మరుగున పడుతున్నది. 2020 అక్టోబరు నాటి భారీ వర్షాలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చినది. నగరంలో అనేక ప్రాంతాలు నీట మునిగినవి. పొలంలో పడిన వానలో కొంత ఇంకుతుంది, కొంత మెల్లగా పారుతుంది. పైకప్పు మీద, సిమెంటు రోడ్డు మీద పడిన వాన నిమిషాలలో కాలువకు చేరుతుంది. ఎగువన కాంక్రీటు పెరిగితే జలాశయానికి వరద ఒక్కసారిగా వస్తుంది; వేసవికి కావలసిన ఊట మాత్రం తగ్గుతుంది. బోరు బావులపై బతికే రైతుకు ఈ రెండవ నష్టమే పెద్దది.

అయితే తక్కువ సాంద్రత ఉంటే చాలు, నీరు స్వచ్ఛంగా ఉంటుందని అనుకోరాదు. చెదురుమదురుగా ఉన్న ఇళ్లన్నింటికీ మురుగు గొట్టాలు వేయడం ఖర్చుతో కూడిన పని. అందుచేత ప్రతి ఇంటికి ఒక సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. దాని ఊట నేలలోకి పోతుంది. ఒక చోట చేరి ఉన్న నివాసాలకు శుద్ధి కేంద్రం నిర్మించడం తలసరి లెక్కన చౌక. వ్యవసాయం కూడ పూర్తిగా నిర్దోషి కాదు. మోతాదు మించిన ఎరువులు, పురుగు మందులు వానతో పాటు చెరువుకే చేరుతాయి. కాబట్టి ఎన్ని ఇళ్లు అనే ప్రశ్నకు తోడు, ఎక్కడ, ఏ మురుగు ఏర్పాటుతో అనే ప్రశ్నలు కూడ వేయవలెను.

2022, 2023 నాటి నిర్ణయాలు

2022లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వును సడలించడానికి పూనుకొన్నది. జంట జలాశయాల నుండి నగరానికి అందే నీరు మొత్తం సరఫరాలో 1.25 శాతం కంటె తక్కువేనని, అందుచేత ఆ కట్టడులకు కారణం తీరిపోయినదని ప్రభుత్వం వాదించినది. ఆ ఏడాది ఏప్రిల్ 12న జీ.వో. 69 వెలువడినది. జీ.వో. 111లోని ప్రధాన నిషేధాలను తొలగిస్తూనే, జలాశయాల నీటి నాణ్యతకు ఏ విధమైన భంగం కలుగరాదని ఇది షరతు పెట్టినది. శుద్ధి కేంద్రాలు, మళ్లింపు కాలువలు, హరిత మండలాలు, వాటికి నిధులు సమకూర్చే మార్గాలపై విధివిధానాలు సూచించడానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. 2023 మే 18న మంత్రివర్గం జీ.వో. 111ను పూర్తిగా రద్దు చేయాలని, మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలోని ఇతర ప్రాంతాల నిబంధనలే ఈ గ్రామాలకు వర్తింపజేయాలని నిర్ణయించినది. ఈ నిర్ణయాలతో వివాదం ముగియలేదు. పర్యావరణవాదులు న్యాయస్థానాలను ఆశ్రయించారు.

ఈ పరిణామాలలో గమనింపదగిన లోపం ఒకటి ఉన్నది. కట్టడి తొలగింపు ప్రకటన ముందు వచ్చినది. మురుగు ఏర్పాటుల ఆలోచన దాని వెనుక వచ్చినది. ప్రకటన వెలువడిన నాడే భూమి ధర పెరుగుతుంది. శుద్ధి కేంద్రం మాత్రం ఒక్కనాడు వెలసేది కాదు. ఆ నడిమి కాలంలో చేతులు మారిన భూమికి, వేసిన పునాదులకు తరువాత నియమాలు నేర్పడం ఎంత కష్టమో మన పట్టణాల శివార్లు చూస్తే తెలుస్తుంది.

చర్చలో వినబడని గొంతులు

ఉంచవలెనా, తీసివేయవలెనా అనే చర్చలో మాట్లాడేవారు సాధారణంగా భూమి గలవారు, లేక భూమి కొన్నవారు. ఈ ప్రాంతంలోని చేవెళ్ల, మొయినాబాదు, శంకర్‌పల్లి మండలాలు కూరగాయలకు, పూలకు పేరు పొందినవి. ఆ పంటలు తెల్లవారేసరికి నగరపు మార్కెట్లకు చేరుతాయి. పూలు గుడిమల్కాపూర్‌కు వెళతాయి. ఈ సాగులో కౌలుదారులు, కూలీలు, ముఖ్యంగా మహిళలు, గణనీయంగా ఉన్నారు. కలుపు తీయడం, పూలు కోయడం, కట్టలు కట్టడం వారి చేతుల మీదుగా జరిగే పనులు.

ఎకరం అమ్ముడుపోతే పట్టాదారుకు ధర వస్తుంది. కౌలుదారుకు వచ్చేది ఏమీ లేదు. 2018లో మొదలైన రైతుబంధు సహాయం సైతం పట్టాదారులకే అందినది, కౌలుదారులకు అందలేదు. కౌలుకు భూమి ఇచ్చేవారు కూడ, ధర పెరుగుతుందన్న ఆశతో, ఏడాదికి మించి మాట ఇవ్వరు. ఏడాది గడువు గల కౌలుదారు పందిరి వేయడు, డ్రిప్పు పెట్టడు, నేలకు పశువుల ఎరువు తోలడు. ఒక్క ఇల్లు లేవక ముందే, ఇళ్లు వస్తాయన్న ఊహ సాగును ఈ విధంగా బలహీనపరుస్తుంది.

నష్టం ఎవరిది, లాభం ఎవరిది?

ఇంతవరకు చూచిన వాదాలన్నింటి మూలం ఒకచోట ఉన్నది. నియంత్రణ వలన లాభం నగరానికి. నీరు, వరద రక్షణ, పచ్చదనం దానికి దక్కుతాయి. నియంత్రణకు ఖర్చు మాత్రం 84 గ్రామాల రైతుదే. అతడు వదులుకొన్న ధరకు ఎవరూ పరిహారం చెల్లించలేదు. నియంత్రణ తొలగితే లెక్క తిరగబడుతుంది. ధర పెరుగుదల భూయజమానికి, మధ్యవర్తికి చేరుతుంది. పాడయిన నీరు, పెరిగిన వరద దిగువ బస్తీల వాటాకు వస్తాయి. మొదటి ఏర్పాటు గ్రామానికి అన్యాయం. రెండవది దిగువ వారికి అన్యాయం. ఖర్చు భరించేవారికి, లాభం పొందేవారికి నడుమ లెక్క సరిచేయని ఏ నియమమూ నిలబడదు. జీ.వో. 111 చరిత్ర నుండి నేర్వవలసిన ప్రధాన పాఠం ఇదే.

లెక్క సరిచేసే మార్గాలు లేకపోలేదు.

మొదటి మార్గం బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు. హైదరాబాదులో రోడ్డు వెడల్పుకు స్థలం కోల్పోయినవారికి, ఆ స్థలంలో కట్టుకొనే హక్కుకు బదులుగా ఒక పత్రం ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆ పత్రాన్ని వేరొక చోట అదనపు అంతస్తులు కట్టుకొనేవారికి అమ్ముకోవచ్చును. జలాశయం ఎగువన పొలాన్ని పొలంగానే ఉంచే రైతుకు ఇట్టి హక్కు పత్రం ఇస్తే, నగరంలో ఎత్తైన భవనాలు కట్టే సంస్థలు దానిని కొంటాయి. రైతుకు ధర, నీటికి రక్షణ రెండూ దక్కుతాయి. అయితే నగరంలో కట్టడానికి పరిమితి అంటూ ఉంటేనే అదనపు హక్కుకు గిరాకీ ఉంటుంది. ఎంతైనా ఉచితంగా కట్టుకొనే వీలున్న చోట ఈ పత్రాన్ని కొనేవారు తక్కువ.

రెండవది, నీటి బిల్లులో కొంత భాగాన్ని పరీవాహక గ్రామాల నిధిగా కేటాయించడం. దానితో పంచాయతీలు కుంటలు బాగుచేయవచ్చును, సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాన్ని శుద్ధి చేసే ఏర్పాటు చేసుకోవచ్చును.

మూడవది, కొలబద్ద హద్దుకు బదులు వాగులు, వాలులు, నేల స్వభావం సర్వే చేసి హద్దు నిర్ణయించడం. వాగు ఒడ్డున కట్టడి గట్టిగా ఉండవలెను. గ్రామకంఠం చుట్టూ, గ్రామస్థుల సహజ అవసరాలకు సరిపడే సాంద్రతను అనుమతించవలెను. మురుగు ఏర్పాటు పూర్తయిన పిదపనే అంతస్తులకు అనుమతి ఇవ్వవలెను.

గ్రామీణ పరపతికి పాఠాలు

ఈ వివాదం తేలే వరకు బ్యాంకు శాఖ చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. అధికారులు దృష్టిలో ఉంచుకోదగిన అంశాలు కొన్ని:

1. రుణాన్ని పంటను చూచి ఇవ్వవలెను. భూమి ధరను చూచి కాదు. రెండెకరాల కూరగాయల సాగుపై ఏటా నికరంగా 1,60,000 రూపాయలు మిగులుతాయని అనుకొందము. భూమి విలువ కోటి దాటినదని చూచి 10 లక్షల రూపాయల రుణం, 10 శాతం వడ్డీకి, ఐదేండ్ల గడువుతో ఇస్తే, మొదటి ఏడాది అసలు 2,00,000, వడ్డీ 1,00,000 కలిపి 3,00,000 రూపాయలు చెల్లించవలెను. ఆదాయం అందులో దాదాపు సగమే. ఆ రుణం తీరే దారి భూమి అమ్మకమే. అట్టి రుణం పేరుకు వ్యవసాయ రుణం, వాస్తవానికి భూవ్యాపారంలో పెట్టుబడి.

2. నాలుగు అనుమతులను ఒకటిగా భావింపరాదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చే రెవెన్యూ ఉత్తర్వు ఒకటి. ప్రణాళికలో ఆ భూమికి నిర్ణయించిన వినియోగ మండలం రెండవది. లేఅవుటు అనుమతి మూడవది. భవన నిర్మాణ అనుమతి నాలుగవది. మొదటిది చేతికి వచ్చినంత మాత్రాన మిగిలిన మూడూ వచ్చినట్లు కాదు. ఇంటి రుణం కొరకు వచ్చిన ప్లాటు పత్రాలలో ఈ నాలుగూ విడివిడిగా పరిశీలించి, రెరా నమోదు అవసరమైన వెంచరు అయితే దానిని కూడ సరిచూడవలెను. 84 గ్రామాల భూములకు సంబంధించి లావాదేవీ జరిగే నాటికి అమలులో ఉన్న నిబంధనను సంబంధిత కార్యాలయం నుండి లిఖితపూర్వకంగా తెలుసుకొనడం శ్రేయస్కరం. పత్రికా ప్రకటన అనుమతి పత్రం కాజాలదు.

3. హామీ స్వభావం మారుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ విభాగం ప్రకారం వ్యవసాయ భూమిపై గల తనఖాకు ఆ చట్టం వర్తించదు. రికార్డులో వ్యవసాయ భూమి అని ఉన్నంత మాత్రాన చాలదని, వాస్తవ వినియోగాన్ని కూడ చూడవలెనని సుప్రీం కోర్టు 2018లో స్పష్టం చేసినది. కాబట్టి తనఖా పెట్టిన భూమిలో ఏమి జరుగుతున్నదో క్షేత్ర సందర్శనలో కళ్లారా చూచి నమోదు చేయవలెను. సర్వే రాళ్లు, గ్రావెల్ రోడ్డు కనబడితే, అది పంటపొలంగా కొనసాగడం లేదని గ్రహించవలెను.

4. దీర్ఘకాలిక రుణాలలో అమ్మకం ప్రశ్నను ముందే అడుగవలెను. పాలీహౌసు, పండ్ల తోట వంటి వాటికి ఇచ్చిన రుణం మూడవ ఏట భూమి అమ్ముడుపోతే ఎట్లు తీరుతుందో రైతుతో ముందుగానే మాట్లాడి ఒప్పందంలో వ్రాయించుకొనవలెను.

5. కౌలుదారులను మరువరాదు. ఉమ్మడి బాధ్యత బృందాల ద్వారా వారికి స్వల్పకాలిక పంట రుణం అందించవచ్చును. భూమి చేతులు మారినా వృత్తి మిగిలేటట్లు పాడి, నర్సరీ, పూల వ్యాపారం వంటి వాటికి తోడ్పడవచ్చును.

6. భూమి అమ్మిన రైతుకు కూడ బ్యాంకు అవసరం ఉన్నది. ఒక్కసారిగా చేతికి వచ్చిన సొమ్ము కొద్ది ఏండ్లలో కరిగిపోయే ప్రమాదం ఉన్నది. పాత బాకీ తీర్చి, కొంత డిపాజిటుగా, కొంత వేరొక చోట సాగుభూమిగా, కొంత పిల్లల చదువుగా మలచుకొనడానికి సకాలంలో ఇచ్చే సలహా, రుణం కంటె విలువైన సేవ.

ముగింపు

పల్లె మారరాదని ఎవరూ శాసింపలేరు. రెండెకరాల రైతు ఇద్దరు కుమారులకు ఇళ్లు కావలెను. నగరంలో పనిచేసేవారికి కూడ తల దాచుకొనే చోటు కావలెను. అదే విధంగా, వందేండ్ల క్రితం ఒక మహా విషాదం నుండి నేర్చిన పాఠంగా కట్టిన జలాశయాలను ఒక ప్రకటనతో పక్కకు నెట్టడం కూడ తగదు. ఈ రెండు అవసరాలకు నడుమ సమన్వయం కుదరవలెనంటే, పొలాన్ని పొలంగా ఉంచినందుకు రైతుకు ముట్టే ప్రతిఫలం ఎంత, అది ఎవరు ఇస్తారు అనే ప్రశ్నకు ముందుగా సమాధానం కావలెను. ఆ సమాధానం వచ్చేంతవరకు గ్రామంలో పరపతిని ఊహల ధరపై కాక, నేలపై నిలిచిన పంట ఆధారంగా నడిపించడం మన చేతిలో ఉన్న పని.

మననానికి ప్రశ్నలు

1. మీ శాఖ పరిధిలో గత ఐదేండ్లలో సాగు నుండి వైదొలగిన భూమి ఎంత? దానిపై ఉన్న పంట రుణాలు ఏమైనవి?

2. ఒక ఎకరానికి 200 గజాల ప్లాట్లు, మూడంతస్తులు చొప్పున లెక్కించి, రోజుకు వచ్చే మురుగునీటిని అంచనా వేయండి. ఆ నీరు చేరే వాగు, కుంట ఏవో గ్రామ పటంలో గుర్తించండి.

3. భూమి ధర పెరిగినదన్న కారణంతో రుణ పరిమితి పెంచమని కోరిన రైతుకు, ఆతని మనసు నొప్పించకుండా, మీరు ఏమని వివరిస్తారు?